నాలుగున్నర గంటల దూరం

పెళ్లయిన నెలలోపే అత్తగారింట్లో నాకొక పదవి దొరికింది. టైము చెప్పే పదవి.

మా మామయ్య వెంకటరాజం ఆలేరులో చిటికి కట్టే నేతగాడు. చిటికి అంటే నేయకముందే నూలుకు బొమ్మ ఎక్కించడం. గ్రాఫు కాగితం మీద గడులు నింపి బొమ్మ గీసుకుంటారు. రంగు అంటకూడని చోటల్లా నూలు కట్టలకు సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు బిగిస్తారు. రంగులో ముంచి, నీడన ఆరబెట్టి, పట్టీలు విప్పుతారు. కట్టిన చోట తెలుపు మిగులుతుంది. ఆ నూలు మగ్గమెక్కితే బొమ్మ చీర మీదికి వస్తుంది.

నేను నల్లగొండలో బీఎస్సీ లెక్కలు చదివాను. మా తాత నేసేవాడట గానీ మా బాపు కరెంటు ఆఫీసులో గుమాస్తా. మా ఇంట్లో మగ్గమే లేదు. అందుకే ఈ ఇంట్లో నాకు ప్రతిదీ వింతే. రైలు వస్తే గోడ మీది అద్దం సన్నగా వణుకుతుంది, ఆ వణుకులో నా బొట్టు రెండుగా కనబడుతుంది. అది చూడ్డానికే నేను రైలు వేళకు అద్దం ముందు నిలబడేదాన్ని. మా ఆయన సాయి భువనగిరి కోర్టులో టైపిస్టు. పొద్దున ఒక రైలు ఆయనను తీసుకుపోతుంది, సాయంత్రం ఇంకో రైలు తెచ్చి ఇస్తుంది. ఇన్ని రైళ్లున్న ఊళ్లో కాపురం చేయడం నా అదృష్టమనుకుంటాను.

ఇక పదవి సంగతి. కిందటి చలికాలం హైదరాబాదు చేనేత ప్రదర్శనలో ఫియోనా అనే ఆమె మామయ్య దుపట్టా ఒకటి కొని, ఫోన్ నంబరు తీసుకుపోయింది. ఆమె స్కాట్లాండులో ఒక చిన్న ఊరి నేత బడిలో పంతులమ్మ. చిటికి ఎలా కడతారో తన పిల్లలకు వీడియోలో చూపిస్తారా అని మార్చిలో అడిగింది. పిల్లలంటే పిల్లలేం కారు, అందులో నెరిసిన తలలే ఎక్కువ. వరసగా మూడు మంగళవారాలు, వాళ్ల పొద్దున పదింటికి.

"వాళ్ల పది అంటే మనకెంత?" అన్నాడు మామయ్య.

నేను తడుముకోలేదు. "మూడున్నర, మామయ్యా."

"గంత జల్ది ఎట్ల చెప్పినవ్?"

మామయ్య గ్రాఫు కాగితమే ఒకటి అడిగి తీసుకున్నాను. ఇరవై నాలుగు గడులు ఒక వరుస, దాని కింద ఇరవై నాలుగు గడులు ఇంకో వరుస. పైది వాళ్లది, కిందది మనది. కింది వరుసను ఐదున్నర గడులు పక్కకు జరిపి గీశాను. ఏ గంట కింద ఏ గంట పడిందో కంటితో చూస్తే చాలు, లెక్క అక్కర్లేదు. సున్నా డిగ్రీల రేఖాంశం నుంచి మన ఎనభై రెండున్నర డిగ్రీల దాకా, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మూడు వందల ముప్పై నిమిషాలు. అంటే ఐదున్నర గంటలు.

మామయ్యకు డిగ్రీలు పట్టలేదు గానీ ఆ సగం గడి తెగ నచ్చింది. "ఓ నర్సమ్మా, ఇటు చూడు. కోడలు అరగడి జరిపి కట్టింది. మన పనే చేసింది," అని మా అత్తమ్మ వెంకటనర్సమ్మను పిలిచి చూపించాడు. అత్తమ్మ ఆ కాగితాన్ని మైదా పెట్టి గోడకు అంటించింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ నన్ను దాటి గడియారం చూడలేదు.

రెండు మంగళవారాలు గడిచాయి. రెండుసార్లూ మూడున్నరకు ఫోను మోగింది, రెండుసార్లూ నా గడులు అక్షరాలా నిజమయ్యాయి. మామయ్య కట్టి చూపించాడు, నేను ఇంగ్లీషులో వివరించాను. కెమెరా ముందు మామయ్య మాత్రం బిగుసుకుపోయాడు. మొదటి మంగళవారం "ఆఁ" అన్నాడు. రెండో మంగళవారం "ఆఁ, గంతే" అన్నాడు.

మూడో మంగళవారం పట్టీలు విప్పడం చూపించాలి.

ఇది మా ఇంట్లో చిన్న విషయం కాదు. మామయ్య నలభై ఏళ్లుగా కడుతున్నాడు గానీ విప్పుతుండగా మామయ్య, అత్తమ్మ తప్ప ఇంకెవరూ చూడలేదు. కొనేవాళ్లు చీర చూస్తారు. రంగు మడ్డిలోంచి బొమ్మ మొదటిసారి కళ్లు తెరిచే ఆ నిమిషం ఎవరికీ తెలియదు. అది రెండోసారి చూపించే పని కూడా కాదు. విప్పితే విప్పినట్టే.

పైగా ఈసారిది మామయ్య సొంత బొమ్మ. ఇరవై రెండు రోజులు కట్టాడు. చీకటి నీలం మీద వరుసలు వరుసలుగా చిన్న తెల్ల చదరాలు, రైలు కిటికీలు. ప్రతి కిటికీ మూలన ఒక తల ఆనినట్టు చిన్న వంపు. నేత సంఘం వాళ్లకు కాగితం చూపిస్తే, ఎవరు కట్టుకుంటారయ్యా రైలు పెట్టెను అన్నారట. మామయ్య ఇంటికి వచ్చి కట్టడం మొదలుపెట్టాడు.

"వాళ్లన్నా చూస్తరు, నాకదే చాలు," అన్నాడు నాతో ఒకరోజు, పట్టీ పళ్లతో బిగిస్తూ.

ఉగాది ఆదివారం నాడు వచ్చింది. భక్ష్యాలు తింటూ మంగళవారం పని మాట్లాడుకున్నాం. తొమ్మిదిన్నర, పది మధ్య రంగులో ముంచితే రెండున్నరకల్లా ఆరుతుందన్నాడు మామయ్య. తడి మీద విప్పితే రంగు తెల్లలోకి పాకుతుంది, కిటికీలన్నీ మసకబారిపోతాయి. అత్తమ్మ లేచి కొత్త కేలండరు దగ్గరికి వెళ్లింది.

"మంగళారం మూడింటి నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. మూడున్నరకు మొదటి కట్టు విప్పుతవా?"

"విప్ప," అన్నాడు మామయ్య వెంటనే. "నువ్వు విప్పనిస్తవా?"

మొదటి కట్టు విప్పేది ఎప్పుడూ అత్తమ్మే. అది ఈ ఇంటి పద్ధతి. ఆమె చేయి పడ్డాకే మామయ్య బ్లేడు పట్టుకుంటాడు. మొదటిది విప్పేశాక రాహుకాలం వచ్చినా ఫికర్ లేదు, మొదలుపెట్టడమే ముఖ్యం.

రెండున్నరకు నూలు ఆరుతుంది, మూడింటికి రాహుకాలం వస్తుంది. మధ్యలో అరగంట. నాకు ఇలాంటి లెక్కలంటే ప్రాణం.

"ఏం పర్వాలేదు అత్తమ్మా. క్లాసు ఒక గంట ముందుకు జరపమంటాను. వాళ్ల తొమ్మిదికి పెడితే మనకు రెండున్నర. చక్కగా సరిపోతుంది."

"వాళ్లు ఒప్పుకుంటరా?"

"నేను అడిగితే ఒప్పుకుంటారు."

అక్కడికక్కడే ఫియోనాకు మెసేజ్ పెట్టాను. ఈసారి పది కాకుండా తొమ్మిదికి మొదలుపెట్టగలరా అని. మన టైము ఎంతో రాయలేదు. రాసి ఉంటే అక్కడే తేలిపోయేది. గంటలో జవాబొచ్చింది, సరే, తొమ్మిదికే అని.

ఆ సాయంత్రం సరదాకు ఫోనులో వాళ్ల ఊరి గడియారం తెరిచాను. అక్కడిప్పుడు ఏం వేళో, ఫియోనా ఏం తింటుందో ఊహించుకోవడం నాకలవాటైంది. మనకు ఆరయింది. అక్కడ పన్నెండున్నర కావాలి. ఫోనులో ఒకటిన్నర చూపిస్తోంది.

ఫోను ఆపి మళ్లీ పెట్టాను. ఒకటిన్నరే.

"సాయీ, నీ ఫోనుకు బుద్ధి లేదు," అన్నాను. అది సాయి పెళ్లికి కొనిచ్చిన ఫోను.

"ఏం చేసింది?"

"భూమిని పదిహేను డిగ్రీలు జరిపింది."

సాయి భక్ష్యం నములుతూ, "నిన్న రాత్రి నువ్వు మంచం జరిపినవ్, అందుకే కావచ్చు," అన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఫోనును నమ్మాలా, భూమిని నమ్మాలా అంటే లెక్కలు చదివినదాన్ని, భూమినే నమ్మాను. ఆ గడియారాన్ని ఫోనులోంచి తీసేశాను.

మంగళవారం. పదింటికి మామయ్య కట్టలను ముంచి, పిండి, వసారాలో నీడన దండెం మీద వేశాడు. నల్లగా, బరువుగా, పట్టీలతో గరుకుగా వేలాడుతున్న ఆ కట్టల్లో ఒక రైలుందంటే ఎవరూ నమ్మరు. ఒకటింబావుకు అన్నాలకు కూర్చున్నాం. నేను రెండో ముద్ద పప్పు కలుపుతున్నాను. ఫోను మోగింది. ఎడమచేత్తో తీశాను.

తెర నిండా తలకాయలు. ఇరవై మంది, వరసగా, చేతులు కట్టుకుని, మమ్మల్నే చూస్తూ. మామయ్య బనీనులో ఉన్నాడు. అత్తమ్మ గబుక్కున చారు గిన్నె మీద మూత పెట్టింది, అదేదో బయటపడకూడని వస్తువైనట్టు.

"గంట ముందే వచ్చిండ్రేంది బిడ్డా? పొద్దు తెల్వదా వాళ్లకు?" అంది.

నేను చాలా మర్యాదగా, చాలా నమ్మకంగా ఫియోనాతో చెప్పాను, మీరు పొరబడ్డారు, ఇంకా గంట టైముందని. ఫియోనా ఫోను పైకెత్తి గోడ గడియారం చూపించింది. సరిగ్గా తొమ్మిది.

నా గడియారంలో ఒకటిన్నర.

"అయ్యో," అంది ఫియోనా. "హారికా, మొన్న ఆదివారం మా గడియారాలు మార్చుకున్నాం కదా. నీకు తెలుసనుకున్నాను."

మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున వాళ్లు గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పుకుంటారట. వేసవి వెలుగు సాయంత్రాలకు మిగలాలని. మళ్లీ అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి తిప్పేస్తారట. అంటే ఇప్పుడు తేడా ఐదున్నర కాదు, నాలుగున్నర. ఫోను నిజమే చెప్పింది. నేనే దాని నోరు మూయించాను.

పప్పు చేతికి ఎండిపోతోంది. నా ముఖం మండిపోతోంది. అసలు సంగతి తట్టేసరికి ఇంకా మండింది. నేను ఏమీ మార్చమనకుండా ఊరుకుని ఉంటే వాళ్ల పది మనకు రెండున్నరే. నూలు ఆరేది అప్పుడే, రాహుకాలం రానిది అప్పుడే. నేను కష్టపడి, సంతోషపడి, క్లాసును తెచ్చి తడి నూలు ముందు పెట్టాను.

మామయ్య లేచి వెళ్లి కట్ట ఒకటి పిసికి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "లోపలింకా పచ్చిగనే ఉంది. రెండున్నర గాక ముందు బ్లేడు పెట్ట."

ఫియోనాకు చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. పదింటికి ఆ గది వాళ్లది కాదట. మేం తొమ్మిది అన్నామని, పదింటి వేళ రంగుల క్లాసు వాళ్లకు ఇచ్చేసిందట. వాళ్లు తలుపు బయటే నిలబడతారట.

అత్తమ్మకు ఇదంతా తెలుగులో చెప్పాను. దాచలేదు. "తప్పు నాదే అత్తమ్మా. వాళ్లు గడియారం తిప్పుకున్నారు, నేను చూసుకోలేదు."

"గడియారం తిప్పితే పొద్దు తిరుగుతదా?"

"పొద్దు తిరగదు. బడులు, ఆఫీసులు తిరుగుతాయి."

"ఊరు ఊరంత ఒక్కసారే తిప్పుకుంటరా? ఒక్కడన్నా మర్చిపోడా?" అత్తమ్మకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. "మన దిక్కు గట్ల జేస్తే సగం మంది పెండ్లిళ్లకు పోరు."

నేను గోడ మీది నా గడుల కాగితం పీకబోయాను. మామయ్య చేయి అడ్డం పెట్టాడు.

"ఎందుకు చింపుతవ్? కట్టేటప్పుడు ఒక్కో పోగు గడి జరుగుతది. జరిగిందని మొత్తం విప్పుకుంటమా? మిగిలినయి దాన్ని బట్టి కడతం. గడి జరిగింది, గంతే. ఇగ ఏది జరపొస్తదో చూడు."

జరపడానికి వీల్లేనివి మూడు. తడి, రాహుకాలం, ఆ గది. వాటిలో గది ఒక్కటే మనుషులు కట్టింది. నాకు ధైర్యం తిరిగొచ్చింది. పైట నడుముకు దోపి, ఫోను సరిగ్గా పట్టుకున్నాను.

"ఫియోనా, మీకు గది లేదు. ఫోను ఉంది. పదింటికి మీరు ఎక్కడ కూర్చుంటే అక్కడికే మేం వస్తాం. మెట్ల మీదైనా సరే. మా టైము రెండున్నర, మీ టైము పది. ఈసారి రెండూ చెబుతున్నాను."

వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఒక పెద్దాయన ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఫియోనా కళ్లు మెరిశాయి. కింద క్యాంటీన్ ఉందట. పది కప్పుల టీ కొంటే ఎవరూ లేపరట.

ఫోను పెట్టేసి సాయికి చేశాను. కోర్టులో ఎవరో వాయిదాల పేర్లు అరిచి పిలుస్తున్నారు.

"సాయీ, నా లెక్క తప్పింది."

"ఇయ్యాల ఒకటో తారీఖు. నన్ను ఏప్రిల్ ఫూల్ చేస్తున్నవా?"

"నిజంగా. గంట తప్పింది."

"నీ లెక్క తప్పదు. గంటనే తప్పి ఉంటది," అన్నాడు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తే ఎవరికైనా పొగరు పెరుగుతుంది. నాకు పెరిగింది.

మిగిలిన అన్నం తిన్నాం. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అత్తమ్మ గోరంత పసుపు, కుంకుమ ఒక పళ్లెంలో పెట్టుకుంది. రెండున్నరకు నేనే ఫోను చేశాను.

ఈసారి తెరలో గది లేదు. పొడుగాటి బల్లలు, కప్పులు, ఎవరో గిన్నెలు కడుగుతున్న మోత. ఇరవై మంది ఒక ఫోను చుట్టూ కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. వెనకాల తెల్లటి ఆప్రాన్ కట్టుకున్న లావుపాటి వంటామె ఒకామె, చేతిలో తడిగుడ్డతో, వీళ్లేం చేస్తున్నారా అని తొంగి చూస్తోంది.

"గామె మన లెక్కనే ఉంది," అంది అత్తమ్మ. "కొంగు తడి ఆరకుండ."

మామయ్య కట్టలు ఒక్కొక్కటీ పిసికాడు. పైన ఆరాయి, పట్టీల మొదట్లో ఇంకా చల్లగా ఉందన్నాడు. రెండూ నలభై. అటువైపు అందరూ కప్పులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నేను ఏదో ఒకటి చెప్పాలని చీర బొమ్మ గురించి చెప్పాను, కిటికీలు, కిటికీకి ఆనిన తల. ఎవరో కాగితం మీద రాసుకున్నారు. రెండూ నలభై ఎనిమిది. అత్తమ్మ గడియారం వైపు చూసింది, మామయ్య వైపు చూసింది. మామయ్య మధ్య కట్టను తీసి చెంపకు ఆనించుకున్నాడు. పసిపిల్లకు జ్వరముందేమో చూసినట్టు కళ్లు మూసుకుని అలాగే ఉన్నాడు.

"మామయ్యా, ఏడు నిమిషాలే ఉంది."

"నూలుకు నీ నిమిషాలు తెల్వయి బిడ్డా. జర ఆగు."

రెండూ యాభై ఐదుకు కళ్లు తెరిచాడు. "ఆరింది. రా నర్సమ్మా."

అత్తమ్మ కట్టకు బొట్టు పెట్టి, బ్లేడు కొస పట్టీ కిందికి దూర్చింది. టప్పుమని చిన్న చప్పుడు. రబ్బరు చుట్టలు చుట్టలుగా ఊడి ఆమె ఒళ్లో పడింది. నీలం మధ్యలో, వేలెడంత, పాలలా తెల్లగా ఒక కిటికీ. మూలన వంపు చెక్కు చెదరలేదు. అంచు గీత గీసినట్టుంది. ఒక్క చుక్క రంగు లోపలికి రాలేదు.

అటు గిన్నెల మోత ఆగిపోయింది. మొట్టమొదట అరిచింది ఆ వంటామె. ఏమందో నాకు అర్థం కాలేదు, ఆ యాస పట్టుకోవడం నావల్ల కాదు. తడిగుడ్డ గుండెలకు హత్తుకుని, అందరినీ తోసుకుంటూ ఫోను దగ్గరికి వచ్చేసింది. అప్పుడు అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు.

మామయ్య బ్లేడు అందుకున్నాడు. రెండోది, మూడోది, నాలుగోది. టప్, టప్, టప్. కిటికీ పక్కన కిటికీ వెలుగుతూ పోయింది. వంటామె వేలు పెట్టి ఏదో అడిగింది. నేను ఫియోనాను అడిగి, తెలుగు చేసి చెప్పేలోపే మామయ్య ఆమె వేలు చూసి అర్థం చేసుకున్నాడు.

"అదా? అది తల అక్కా. రైల్ల నిద్రపోయినోని తల. ఆలేరు స్టేషన్ల చూస్తుంట నేను, పొద్దుగూకి బండి వస్తదా, గిట్ల ఆనుకొని పంటరు. దిగేటోళ్లు దిగుతరు, గీ నిద్రపోయినోళ్లు ఎటు పోతున్నరో నాకు తెల్వది. గందుకే కట్టిన. నలుగురు నవ్విండ్రు. నవ్వనియ్. ఇగో, గీ వరుస చూడు, గీడ ఒక కిటికీల తల లేదు. ఎందుకు లేదంటవా? వాడు దిగిపోయిండు..."

రెండు మంగళవారాల్లో మూడు మాటలు దాటని మనిషి. ఆగడం లేదు. వంటామె, ఒక్క ముక్కా తెలియకపోయినా, సరిగ్గా ఊపాల్సిన చోట తల ఊపుతోంది.

"మామయ్యా, జర ఆగండి. నేను వాళ్లకు ఇంగ్లీషులో చెప్పాలి కదా."

"చెప్పు, ఎవరొద్దన్నరు," అన్నాడు మామయ్య తల ఎత్తకుండా, తర్వాతి పట్టీ కిందికి బ్లేడు దూరుస్తూ. "ఫోను పట్టిన చెయ్యి మాత్రం కదపకు. కిటికీ కనపడాలె."